పాత ఇంటి గోడల చెమ్మ: మళ్లీ పెయింట్ వేయించే ముందు చూసుకోవాల్సినవి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ: ఇల్లు 80 ఏళ్ల నాటిది, ఇటుక గోడలు. కింది అంతస్తులో ముందు గదికీ, దాని పక్క పడగ్గదికీ నేల నుంచి సుమారు 3 అడుగుల దాకా చెమ్మ. రెండుసార్లు గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించారు. రెండుసార్లూ ఏడాది తిరక్కముందే పొక్కులు లేచి పెచ్చులు రాలాయి. పడగ్గదిలో బీరువా వెనక నల్లగా బూజు కూడా పడుతోంది. ఒక కాంట్రాక్టరేమో గోడలన్నిటికీ బెజ్జాలు వేసి కెమికల్ ఎక్కించాలంటున్నాడు. ఇంకొకాయన వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూసి, పైన 4 అడుగుల ఎత్తున టైల్స్ అతికిస్తే గొడవ వదిలిపోతుందంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

ప్రస్తుతానికి ఇద్దరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. నీళ్లు గోడలోకి ఎటు నుంచి వస్తున్నాయో వాళ్లలో ఒక్కరూ చూసినట్టు లేదు. అది తేలకుండా ఏ పని చేయించినా మూడోసారి గీకించుకోవాల్సి వస్తుంది. నేను ఎక్కువగా చేసింది పాత ఇళ్ల మరమ్మతులే కాబట్టి, నేనైతే ఏ వరసలో చూస్తానో, ఎందుకలా చూస్తానో రాస్తాను. కాస్త పొడుగవుతుంది.

ముందు పాత గోడ ఎలా పనిచేస్తుందో చూడండి. ఆ కాలపు గోడలు చాలావరకు మెత్తటి ఇటుక, సున్నపు గారతో కట్టినవి. పునాదికీ గోడకూ మధ్య చెమ్మను ఆపే పొర (డ్యాంప్ ప్రూఫ్ కోర్స్ అంటారు) కొన్నిటికి అసలు ఉండదు, ఉన్నవాటికీ ఇన్నేళ్లలో పాడై ఉండొచ్చు. ఇటుకలోనూ గారలోనూ కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి. వాటి గుండా నేలలోని నీరు పైకి పాకుతుంది. రంధ్రం ఎంత సన్నదైతే నీరు అంత ఎత్తుకు ఎక్కగలదు. లెక్క ప్రకారం ఒక మైక్రాన్ వ్యాసార్ధమున్న రంధ్రంలో నీరు 15 మీటర్ల దాకా పోగలదు. కానీ ఏ ఇంట్లోనూ చెమ్మ మేడ మీది దాకా ఎక్కడం మనం చూడం. సాధారణంగా మీటరు, మహా అయితే మీటరున్నర దగ్గర ఆగిపోతుంది. ఎందుకంటే ఎక్కిన నీరు ఎక్కినట్టే గోడ రెండు ముఖాల నుంచీ ఆవిరైపోతూ ఉంటుంది. కింద ఎంత పీలుస్తోందో పైన అంత ఆవిరయ్యే చోట ఆ చెమ్మ గీత నిలబడుతుంది.

ఇది అర్థమైతే టైల్స్ సలహా సంగతి తేలిపోయినట్టే. గోడ లోపలి ముఖాన్ని 4 అడుగుల దాకా టైల్స్‌తో మూసేస్తే నీళ్లు రావడం ఆగదు, ఆవిరయ్యే దారి మాత్రం మూసుకుపోతుంది. అప్పుడు నీరు దారి దొరికేదాకా ఇంకా పైకి పోతుంది. టైల్స్ అంచు మీద, 5 అడుగుల ఎత్తున కొత్త మరక కనపడుతుంది. గోడకు అవతలి వైపున్న గది అప్పటిదాకా బాగానే ఉంటే, ఇక దానికీ మొదలవుతుంది. పీవీసీ ప్యానెళ్లు, జిప్సం బోర్డులు పెట్టి కప్పేయడం కూడా ఈ బాపతే. వెనక ఏం జరుగుతోందో కనపడదు, అంతే తేడా. జిప్సం అయితే తడికి మెత్తబడి ఊడిపోతుంది కూడా.

మీరు వేయించిన పుట్టీ, ప్లాస్టిక్ ఎమల్షన్ కూడా సన్నపాటి మూతలే. అందుకే అవి నిలవలేదు. రంగు నాసిరకమని ఆ పెయింటరును తిట్టుకోకండి.

80 ఏళ్లు నిలబడిన గోడకు ఇప్పుడే ఎందుకొచ్చింది ఈ బాధ? నేను చూసిన ఇళ్లలో ఎక్కువగా రెండే కారణాలు, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. మొదటిది, గోడ తాగే నీళ్లు పెరగడం: బయట నేల మట్టం లేవడం, వాన గొట్టం పగలడం, భూమిలో పైపు కారడం. రెండోది, ఆవిరయ్యే దారి మూసుకుపోవడం: సున్నపు పూత తీసేసి సిమెంటు ప్లాస్టర్ చేయించడం, బయట ఎక్స్‌టీరియర్ పెయింట్ కొట్టించడం, లోపల గట్టి పుట్టీ. మీ ఇంటికి ఎప్పుడైనా సిమెంటు ప్లాస్టర్ చేయించారేమో, చెమ్మ ఆ తర్వాతే మొదలైందేమో పెద్దవాళ్లను అడిగి చూడండి. ఈ ఒక్క ప్రశ్నతో చాలా సంగతులు బయటపడతాయి.

ఇక వెతకడం మొదలుపెడదాం. ఇంటి బయట నుంచే మొదలుపెట్టండి. లోపల కనపడే మరకకు కారణం సాధారణంగా అవతలి వైపే ఉంటుంది.

టేపు తీసుకుని గోడ పక్కనే బయటి నేల మట్టం ఎంతో కొలవండి. లోపలి గచ్చు కన్నా బయటి నేల కనీసం 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు కిందికి ఉండాలి. పాత ఇళ్లలో ఇది అరుదుగా కనిపిస్తుంది. మొక్కల కోసం మట్టి పోశారు, తర్వాత బండలు పరిచారు, ఆ బండల మీద మళ్లీ కాంక్రీట్ వేశారు, వీధి కూడా ఏళ్లు గడిచేకొద్దీ ఎత్తయింది. అలా పెరిగి పెరిగి బయటి నేల లోపలి గచ్చుతో సమానమో, అంతకన్నా ఎత్తో అయి కూర్చుంటుంది. పాత డ్యాంప్ ప్రూఫ్ కోర్స్ ఉన్నా అది మట్టి కింద పూడిపోయి ఉంటుంది. తడి మట్టి నేరుగా ఇటుకను ఆనుకుని ఉంటే నీరు కింది నుంచి పాకనక్కర్లేదు, పక్క నుంచే వచ్చేస్తుంది. బయట ఒకచోట గోడ పక్కన అడుగు లోతు తవ్వించి చూడండి. పాత గుమ్మం మెట్టు, పాత ప్లింత్ (నేలకు పైన కనపడే పునాది భాగం) అంచు ఎక్కడున్నాయో బయటపడతాయి, నేల ఎంత లేచిందో వాటితోనే తెలుస్తుంది.

రెండోది వాన నీళ్లు. ఎండలో కాదు, జోరువానలో గొడుగేసుకుని బయట నిలబడి చూడాలి. డాబా మీది నీళ్లు ఏ గొట్టంలో దిగుతున్నాయి, కింద ఎక్కడ పడుతున్నాయి, గోడ మొదట్లో నిలుస్తున్నాయా, పారిపోతున్నాయా? గొట్టాలకు పగులు చాలాసార్లు గోడ వైపు ముఖంలోనే ఉంటుంది, ఎదురుగా నిలబడితే కనపడదు. ఫోన్ కెమెరా సందులోకి పెట్టి ఫొటో తీయండి. గొట్టం వెనక గోడ మీద నిలువుగా పచ్చని పాకుడు చార ఉంటే మరో సాక్ష్యం అక్కర్లేదు. పిట్టగోడ పైభాగంలో బీటలు, కిటికీల కింద బయటికి పొడుచుకొచ్చిన అంచుకు అడుగున నీటిబొట్లు రాలిపోయే గాడి ఉందా లేదా, అదీ చూడండి. పెయింట్ పూతలు ఆ గాడిని నింపేసి ఉంటాయి. అప్పుడు నీరు అంచు నుంచి కింద పడకుండా గోడ వెంట పాకుతుంది.

గోడ పక్కనంతా గట్టి బండలుంటే వాన చినుకులు వాటి మీద పడి ఎగిరి గోడను అడుగు ఎత్తు దాకా తడుపుతుంటాయి. చూసేవాళ్లకు అది కింది నుంచి ఎక్కిన చెమ్మలాగే ఉంటుంది. గోడ పక్కన అడుగున్నర వెడల్పున కంకర పరిస్తే ఈ చిమ్మడం బాగా తగ్గుతుంది.

పైపుల లీకేజీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ గోడలో గానీ దాని అవతల గానీ బాత్రూం, ట్యాంకు, సింకు ఉన్నాయేమో చూడండి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులోకి నీళ్లు ఎక్కకుండా వాల్వు మూసి, నీటి మీటరు అంకె రాసుకుని పొద్దున్నే చూడండి. అంకె కదిలితే ఎక్కడో కారుతోంది. అయితే మీటరు నుంచి నేరుగా వచ్చే లైను మాత్రమే ఇందులో తేలుతుంది. ట్యాంకు నుంచి దిగే పైపులను, మురుగు పైపులను ప్లంబరు చేత విడిగా పరీక్ష చేయించాలి. చెమ్మ వానాకాలం, ఎండాకాలం తేడా లేకుండా ఒకేలా ఉంటే ముందు పైపునే అనుమానించండి.

ఇప్పుడు లోపలికి రండి. గోడ మీద వేళ్ల కణుపులతో కొట్టుకుంటూ వెళ్లండి. ప్లాస్టర్ ఇటుకను వదిలేసిన చోట డొల్ల శబ్దం వస్తుంది. ఆ మేర పెన్సిలుతో గీయండి. చెమ్మ గీత అంచుల వెంట కూడా గీసి, పక్కనే తేదీ వేయండి. ఇలా నెలకోసారి గీస్తూ పోతే పని జరుగుతోందో లేదో గోడే చెబుతుంది. గీత గది పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటే నేల నుంచి వస్తున్నట్టు. ఒకచోట గుండ్రంగానో, పై నుంచి కిందికి చారలుగానో ఉంటే వాన లేదా పైపు.

తర్వాత ప్లాస్టిక్ షీట్ పరీక్ష. ఒకటిన్నర అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ ముక్కను గోడకు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరబడకుండా అతికించి ఒకట్రెండు రోజులు వదిలేయండి. గది వైపు ముఖం మీద నీటిచుక్కలు పడితే గాలిలోని తేమ చల్లటి గోడ మీద నీరవుతోందన్నమాట. ప్లాస్టిక్ వెనక, గోడ వైపు చుక్కలు పడితే నీరు గోడలోంచి వస్తోంది. మీ ఇంట్లో ముందు గదికి ఒకటి, బీరువా వెనక ఒకటి పెట్టమంటాను. రెండు చోట్లా జవాబు వేరుగా రావడానికి చాలా అవకాశం ఉంది.

తేమ మీటర్ల గురించి ఒక మాట. కాంట్రాక్టర్లు రెండు సూదులున్న చిన్న మీటరు గోడకు గుచ్చి, ఎర్ర లైటు వెలిగించి, చూశారా అంటారు. ఆ మీటరు కొలిచేది విద్యుత్ నిరోధకతను, దాని అంకెలు చెక్క కోసం పెట్టినవి. ఇటుక మీద అది ఇచ్చే అంకె శాతం కాదు, ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ అని పోల్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. పైగా గోడలో ఉప్పు ఉంటే దాదాపు ఎండిపోయిన గోడ కూడా బాగా తడిగా ఉన్నట్టు చూపిస్తుంది. కచ్చితంగా తెలియాలంటే డ్రిల్లుతో వేర్వేరు ఎత్తుల్లో, గోడ మధ్య దాకా బెజ్జం వేసి ఆ పొడిని పరీక్షించాలి. పొడిని తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచడం ఒక పద్ధతి. కాల్షియం కార్బైడ్‌తో కలిపి మూసిన సీసాలో వచ్చే గ్యాసు ఒత్తిడిని కొలవడం ఇంకోటి. అంత అక్కర్లేదనుకుంటే డ్రిల్లు బిట్టును చూసినా కొంత తెలుస్తుంది. పొడి పొడిగా రాలితే లోపల ఎండుగా ఉన్నట్టు, ముద్దగా బిట్టుకు అంటుకుంటే తడి. పైపైన తడిసి రెండంగుళాల లోపల పొడిగా ఉంటే అది నేల చెమ్మ కాదు. కింద ముద్దగా, పైకి వెళ్లేకొద్దీ పొడిగా ఉంటే నేల చెమ్మే. బెజ్జం వేసే ముందు ఆ గోడలో కరెంటు వైర్లు, పైపులు లేవని చూసుకోండి.

ఇక ఉప్పు. ఈ విషయంలో చాలామంది పొరబడతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీ గోడ మీద లేచిన పొక్కు ఒకదాన్ని గోరుతో చీల్చి చూడండి. లోపల దూదిలా తెల్లటి నూగు, కింద గుల్లబారిన ప్లాస్టర్ రాలుతుంది. ఆ తెల్లటిదాన్ని అరచేతిలో వేసి నీటిచుక్క వేయండి. కరిగిపోతే ఉప్పు. కరగకుండా పాలలా మిగిలితే పుట్టీయో సున్నమో. వేలితో రాస్తే నల్లగానో పచ్చగానో అలుముకుని, మగ్గిన వాసన వస్తే బూజు. నేలలోని నీరు ఉత్తి నీరు కాదు, నైట్రేట్లు, క్లోరైడ్లు, సల్ఫేట్లు కరిగించుకుని వస్తుంది. కొన్ని ఇటుకలోనూ, సిమెంటులోనూ కూడా ఉంటాయి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆగిపోతుంది. ఏళ్ల తరబడి అలా చేరిన ఉప్పు స్ఫటికాలుగా పేరుకుంటూ సన్న రంధ్రాలను లోపలి నుంచి తోస్తుంది. రంగును పైకి లేపేదీ, ప్లాస్టర్‌ను పిండి చేసేదీ చాలావరకు ఆ ఒత్తిడే. సున్నం కొట్టిన గోడ మీదైతే ఉప్పు పైకొచ్చి పొడిగా రాలిపోతుంది, చీపురుతో ఊడ్చేస్తే సరి. పైన ప్లాస్టిక్ పెయింట్ ఉంటే దాని వెనక పేరుకుని పెయింట్‌నే ఊడగొడుతుంది.

అసలు తిరకాసు ఇప్పుడొస్తుంది. ఈ ఉప్పుల్లో కొన్ని గాలిలోంచే నీటిని పీల్చుకుంటాయి. మనం తినే ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే చెమ్మగిల్లి కరగడం మొదలవుతుంది. కాల్షియం నైట్రేట్‌కు 50 శాతం చాలు. మెగ్నీషియం క్లోరైడ్‌కు అంతకన్నా తక్కువే. అంటే మీరు బయటి నేల దించి, గొట్టం బాగు చేయించి, నీళ్లన్నీ ఆపేసినా, ఉప్పు పట్టిన ప్లాస్టర్ అలాగే ఉంటే మబ్బు పట్టిన రోజున గోడ మళ్లీ ముదురు రంగుకు తిరుగుతుంది. అది చూసి పని చెడిపోయిందని గొడవపడేవాళ్లు, అనవసరంగా ఇంజెక్షన్ (బెజ్జాలు వేసి కెమికల్ ఎక్కించడం) చేయించేవాళ్లు ఎంతోమంది. వానరోజున మరక కనపడి, ఎండ కాయగానే గంటల్లో మాయమైతే అది కొత్త నీరు కాదు, పాత ఉప్పు పని.

అందుకే ఉప్పు పట్టిన ప్లాస్టర్‌ను గీకి మళ్లీ పూయడంతో సరిపెట్టకుండా ఇటుక దాకా తీసేయించాలి. మరక గీతకు పైన ఇంకో అడుగు, అడుగున్నర దాకా తీయించండి. ఇటుకల మధ్య గుల్లబారిన గారను అర అంగుళం పైచిలుకు లోతు గీకించి, గట్టి బ్రష్‌తో పొడిగానే దులిపించండి. నీళ్లు పోసి కడగనివ్వకండి, కడిగితే పైకొచ్చిన ఉప్పంతా మళ్లీ లోపలికి పోతుంది. ఆ రాలిన చెత్తను మేస్త్రీలు అలవాటుగా గోడ పక్కనే కుప్ప పోస్తారు. ఒక్క వాన పడితే ఆ ఉప్పు మళ్లీ మీ పునాదిలోకే దిగుతుంది. అదే రోజు బస్తాలకెత్తి దూరంగా పంపించేయండి.

ప్లాస్టర్ తీయించేది బయటి పనులన్నీ అయ్యాకే. వరస తప్పితే డబ్బు దండగ. ముందు బయటి నేల దింపించి, గోడ నుంచి అవతలికి వాలు పెట్టించండి. మొదటి రెండు మూడు మీటర్ల మేర మీటరుకు 5 సెంటీమీటర్ల వాలు ఉంటే బాగుంటుంది. నేల దించడం కుదరకపోతే గోడ వెంట అడుగు వెడల్పున కాలువ తవ్వించి, అడుగున బెజ్జాల పైపు వేసి, కంకరతో నింపించొచ్చు. ఇందులో రెండు జాగ్రత్తలు. పునాది అడుగు కన్నా లోతుకు, ఆ దరిదాపులకు కూడా తవ్వకూడదు. పైపు వాలుగా వెళ్లి ఎక్కడో ఒకచోట బయటపడాలి. బయటికి దారి లేని కంకర కాలువ గోడకు ఆనించి కట్టిన నీళ్ల తొట్టే అవుతుంది. ఈ రెండోది ఎంత స్పష్టంగా చెప్పినా మర్చిపోతారు, పని జరిగేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.

తర్వాత ఆరబెట్టడం. ఇక్కడే అందరికీ ఓపిక నశిస్తుంది. గోడ మందం అంగుళానికి ఒక నెల అనేది పనివాళ్ల మోటు లెక్క. 9 అంగుళాల గోడకు 9 నెలలు, 18 అంగుళాల గోడకు ఏడాదిన్నర. వాతావరణాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది గానీ వారాల్లో మాత్రం ఆరదు. అన్నాళ్లూ ఇటుకలు కనపడుతూ ఉంటే చూసేవాళ్లు ఏమనుకుంటారోనని టెన్షన్ పడొద్దు, పని మధ్యలో ఉందని చెప్పండి. ఫ్యాను గాలి తగలనివ్వండి, సామాను దూరం జరపండి. ఈ లోగా మళ్లీ తెల్లటి నూగు వస్తుంది, రావాలి కూడా. వచ్చినప్పుడల్లా పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయండి.

కొత్త పూత సున్నంతోనే. ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ల కడిగిన ఇసుక, పొరకు ఒక సెంటీమీటరు మించకుండా, పొర గట్టిపడ్డాకే ఇంకో పొర. పూసే ముందు ఇటుకను కొద్దిగా తడపాలి, పూశాక ఎండ, గాలి ఒక్కసారిగా తగలకుండా కాపాడాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది, తొందరపెడితే బీటలిస్తుంది. మేస్త్రీ “గట్టిదనానికి ఒక తట్ట సిమెంటు కలుపుదామండీ” అంటాడు, కచ్చితంగా అంటాడు. వద్దని ముందే చెప్పండి. మనకు కావాల్సింది గోడ కన్నా మెత్తటి పూత. మిగిలిన ఉప్పు ఏదైనా ఉంటే అది తీసుకుని, పాడైతే తనే పాడవ్వాలి, ఇటుక బాగుండాలి. బాగా ఉప్పు పట్టిన గోడకు మొదటిసారి వేసిన పూతను కొన్నాళ్లకు తీసేసి మళ్లీ వేయాల్సి రావచ్చు, దానికి సిద్ధపడి ఉండండి. తడి సున్నం చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. పనివాళ్లకు గ్లవ్స్, కళ్లద్దాలు ఇప్పించండి.

రంగు విషయానికొస్తే, వెల్ల వేస్తే అన్నిటికన్నా మంచిది. అంతకన్నా గట్టిగా నిలిచేది కావాలంటే 1878లో జర్మనీలో పేటెంట్ అయిన సిలికేట్ రకం పెయింట్లున్నాయి, అవి ఆవిరిని పోనిస్తాయి. కాకపోతే సున్నపు పూత, ఇటుక లాంటి వాటి మీదే పట్టుకుంటాయి, పాత ఎమల్షన్ మీద నిలవవు. కింది 4 అడుగులకైతే ఎమల్షన్ జోలికి పోకండి.

ఇప్పుడు ఇంజెక్షన్. అది మోసమని నేననను. సిలేన్, సిలోక్సేన్ రకం క్రీములు గారలోని సన్న రంధ్రాల గోడలకు పట్టుకుని నీటిని పాకనివ్వకుండా చేస్తాయి, సరైన చోట పనిచేస్తాయి కూడా. ఇటుకల మధ్య అడ్డంగా వెళ్లే గార వరసలో సుమారు 12 మిల్లీమీటర్ల బెజ్జాలు, 12 సెంటీమీటర్లకొకటి చొప్పున ఒకే వరసలో, బయటి నేలకు కనీసం 15 సెంటీమీటర్ల పైన వేయాలి. బయటి నేల అంతకన్నా ఎత్తులో ఉంటే ఆ వరస మట్టి కింద ఉన్నట్టే, నీరు దాని పై నుంచే గోడలోకి వస్తుంది. లోపల రాళ్లు, మట్టి నింపిన లావు గోడల్లో క్రీము అంతటా పాకదు. గొట్టం పగుళ్లకు, పైపు లీకులకు, బీరువా వెనక బూజుకు దీనితో ఏ సంబంధమూ లేదు. ఇంకో కిటుకు గమనించండి. ఇంజెక్షన్ చేశాక దాదాపు అందరూ లోపల వాటర్‌ప్రూఫ్ సిమెంటు ప్లాస్టర్ కూడా చేస్తారు. ఆ ప్లాస్టర్ వల్లే కొన్నేళ్లు గోడ పొడిగా కనపడుతుంది. లోపల క్రీము పనిచేసిందో లేదో చూసే వీలే ఉండదు. కాబట్టి నేల దించి, నీళ్లు మళ్లించి, ఒక ఏడాది గడిచాక కూడా డ్రిల్లు పొడి కింద ముద్దగా, పైన పొడిగా వస్తుంటే అప్పుడు చేయించండి, అదీ ఆ గోడకే. చెమ్మ లేని గోడలకు కూడా చేయాలంటున్నాడంటే అది ఆయన అవసరం, మీది కాదు.

బీరువా వెనక బూజు బహుశా వేరే కథ. 20 డిగ్రీల గాలిలో 60 శాతం తేమ ఉంటే, 12 డిగ్రీలకు చల్లబడిన ఏ ముఖం మీదైనా ఆ తేమ నీరవుతుంది. 30 డిగ్రీల, 80 శాతం తేమ ఉన్న ఉక్కగాలికైతే 26 డిగ్రీలే చాలు, లావుపాటి గోడ దాదాపు ఎప్పుడూ ఆ చల్లదనంలోనే ఉంటుంది. నీరుగా మారక్కర్లేదు కూడా, గోడ ముఖం దగ్గర తేమ 80 శాతం పైన ఎక్కువ రోజులుంటే బూజుకు సరిపోతుంది. బీరువాను బయటి గోడకు ఆనించి పెట్టారు కాబట్టి వెనక గాలి ఆడదు. నాలుగంగుళాలు ముందుకు జరపండి, వీలైతే లోపలి గోడకు మార్చండి. బట్టలు ఆ గదిలో ఆరేయకండి. వంటగది, బాత్రూంలలో ఎగ్జాస్ట్ ఫ్యాను గాలిని బయటికే తోస్తోందో లేదో చూడండి. “కిటికీలు తెరిచి ఉంచండి” అని అందరూ చెబుతారు గానీ, బయటి గాలి లోపలికన్నా పొడిగా ఉన్నప్పుడే దానివల్ల లాభం. ఉక్కపోత రోజున తెరిస్తే తేమను పిలిచి గోడకు అంటించినట్టే. తేమ శాతం చూపించే చిన్న హైగ్రోమీటర్ ఒకటి గదిలో పెట్టుకుంటే ఊహల మీద ఆధారపడక్కర్లేదు. 60 శాతం లోపు ఉండేలా చూసుకోండి.

బూజు తుడిచేటప్పుడు ఉప్పుకు చేసినదానికి సరిగ్గా తిరగేసి చేయాలి. పొడిగా దులిపితే దాని రేణువులు గదంతా ఎగురుతాయి. ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. బ్లీచ్ వాడితే రంగు పోతుంది గానీ, ప్లాస్టర్ లోపలికి దిగిన బూజు మీద దాని ప్రభావం అంతంత మాత్రమే. బ్లీచ్‌లో యాసిడ్ గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ ఎట్టి పరిస్థితుల్లో కలపకండి, విషవాయువు వస్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉంటే పని పూర్తయ్యేదాకా ఆ గదిలో పడుకోనివ్వకండి. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఊపిరితిత్తుల ఇబ్బందులు, ఆస్తమా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగానే చెప్పింది.

రెండు సంగతులు మాత్రం వాయిదా వేయొద్దు. చెమ్మ గోడలో స్విచ్ బోర్డులు, ప్లగ్గులు ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ లైను ఆపించండి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అయ్యే రక్షణ స్విచ్ మెయిన్ బోర్డులో ఉందో లేదో చూపించండి. అలాగే ఆ గోడల్లో దిగిన ద్వారబంధాల కింది భాగాన్ని, గోడలోకి వెళ్లిన దూలాల చివర్లను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఇందాకటి సూదుల మీటరు ఇక్కడ పనికొస్తుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటే పుచ్చిపోయే ప్రమాదం ఉంది. దూలం చివర మెత్తగా దిగిపోతే ప్లాస్టర్ సంగతి పక్కనపెట్టి ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.

ఈ వారంలో మీరు చేయగలిగినవి: బయటి నేలకూ లోపలి గచ్చుకూ ఎత్తు తేడా కొలవడం, రెండు చోట్ల ప్లాస్టిక్ షీట్లు అతికించడం, నీటి మీటరు పరీక్ష, పెన్సిలు గీతలు. వాటి ఫలితాలతో పాటు వాన గొట్టం దిగే చోట ఒక ఫొటో, ఆ గోడలకు అవతలి వైపు ఏముందో రాయండి. ఆ రెండు గోడలకు ఇంజెక్షన్ అవసరం పడుతుందా, నేల దించితే సరిపోతుందా అన్నది అప్పుడు ఇంకాస్త గట్టిగా చెప్పగలను.